ఫారం-సిలో ఒకే ఒక్క సంతకం

(సావిత్రిబాయి ఫూలే జయంతి రోజున భిలాయిలో తెలుగు విద్యార్థులు, కార్మిక కుటుంబాలు కలిసి జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా జనవరి 3న మనం సావిత్రిబాయి తల్లి నడిపిన బడి గురించి మాట్లాడుకుంటాం. ఆ బడి లేకపోతే నేనివాళ పరిశోధక విద్యార్థినిగా మీ ముందు నిలబడేదాన్ని కాదు. కానీ ఆమె, జోతిబా కలిసి తెరిచిన తలుపు ఇంకొకటి ఉంది. దాని గురించి తక్కువ మాట్లాడుకుంటాం. 1863లో పూణేలో వాళ్ళు గర్భవతులైన వితంతువుల కోసం ఒక ఆశ్రయం పెట్టారు. ఆ రోజుల్లో బ్రాహ్మణ కుటుంబాల్లో బాల వితంతువులకి మళ్ళీ పెళ్ళి లేదు. ఇంట్లోని మగవాళ్ళే వాళ్ళని గర్భవతుల్ని చేసేవాళ్ళు. ఆ తర్వాత ఆ అమ్మాయికి మిగిలేది బావో, నాటు మందో, పుట్టిన బిడ్డ గొంతు నులమడమో. ఫూలే దంపతులు ఆ అమ్మాయిలని పిలిచి, గుట్టుగా వచ్చి కనండి, బిడ్డని తీసుకెళ్ళడమో ఇక్కడ వదిలి వెళ్ళడమో మీ ఇష్టం అన్నారు. అక్కడ పుట్టిన ఒక బిడ్డనే యశ్వంత్ అని పేరు పెట్టి పెంచుకున్నారు. అతను డాక్టరయ్యాడు.

శూద్ర కులంలో పుట్టిన దంపతులు బ్రాహ్మణ వితంతువులకి తలుపు తీశారు. ఆ తలుపు దగ్గర ఎవరూ మొగుడి పేరు అడగలేదు, సంతకం అడగలేదు. నూట అరవై ఏళ్ళు దాటాక, మన భిలాయిలో, మన తలుపుల దగ్గర ఇంకా ఎవరి సంతకం అడుగుతున్నారన్నదే ఈ రోజు నా ప్రశ్న.

నేను ఖుర్సీపార్ పిల్లని. మా తాత, మామ్మ శ్రీకాకుళం వైపు నుంచి ప్లాంటు కట్టడానికి వచ్చిన వాళ్ళు. సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955లో అయితే, మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరిలో మొదలైంది. ఆ మధ్య సంవత్సరాల్లో తట్ట మోసిన చేతుల్లో మా మామ్మ చేతులు కూడా ఉన్నాయి. ఇక్కడ ఆడకూలీని రేజా అంటారని ఈ హాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు.

మన బస్తీల్లో అబార్షన్ అన్న మాట ఎవరూ పలకరు. "సఫాయి చేయించుకుంది" అంటారు. హిందీ నుంచి మన తెలుగులోకి వచ్చి స్థిరపడిపోయిన మాట. ఏదో మురికిని కడిగేసినట్టు. తరతరాలుగా ఊళ్ళ మురికి ఎత్తిన ఇళ్ళలోని ఆడవాళ్ళు కూడా తమ శరీరం గురించి అదే మాట వాడుతుంటే నాకు బాధగా ఉంటుంది. అందుకే ఈ రోజు నేను ఆ మాట వాడను. అబార్షన్ అనే అంటాను.

2018 వర్షాకాలంలో జరిగిన సంగతి చెప్తాను. మా పిన్ని అనుమతి ఇచ్చింది కాబట్టే చెప్తున్నాను. అప్పటికి ఆమెకి ఇద్దరు పిల్లలు. కాంట్రాక్టరు కింద పని. చిన్నాన్న లారీ మీద వెళ్తే వారాల తరబడి ఇంటికి వచ్చేవాడు కాదు. పిన్నికి నెల తప్పింది. మూడో బిడ్డని పెంచే స్తోమత లేదని ఆమె అప్పటికే తేల్చుకుంది. ఒక ఆస్పత్రికి వెళ్ళింది. అక్కడ రెండు షరతులు పెట్టారు. ఒకటి, మొగుడు వచ్చి సంతకం పెట్టాలి. రెండు, ఇద్దరు పిల్లలున్నారు కాబట్టి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా చేయించుకుంటానని ఒప్పుకోవాలి. ఆపరేషన్ అయ్యాక బరువులు ఎత్తకూడదు. బరువులు ఎత్తకపోతే ఆమెకి పని లేదు.

పిన్ని నాకు ఫోన్ చేసింది. ఇంట్లో పెద్ద చదువు చదువుతున్నది నేనే కదా. నేను అప్పుడు ఎం.ఎ. మొదటి సంవత్సరం. క్లాసులో పితృస్వామ్యం మీద సెమినార్ పేపర్ చదివిన వారమే. నేనేమన్నానో తెలుసా? "చిన్నాన్న వచ్చేదాకా ఆగు పిన్నీ, సంతకం ఉండాలేమో" అన్నాను. చట్టం నాకు తెలీదు. తెలుసుకోవాలని తోచలేదు కూడా. ఆస్పత్రి వాళ్ళు అడిగారు కాబట్టి అది చట్టమే అయి ఉంటుందనుకున్నాను.

పిన్ని పదకొండు రోజులు ఆగింది. తర్వాత మందుల షాపులో కౌంటర్ కింద నుంచి ఇచ్చిన కిట్ తెచ్చుకుని మింగింది. ఎన్ని వారాలో చూసిన వాళ్ళు లేరు, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పిన వాళ్ళు లేరు. మూడో రోజు హాజరు పోతుందని పనికి వెళ్ళింది. అక్కడే పడిపోయింది. ఇంకో ఆస్పత్రిలో రెండు సీసాల రక్తం ఎక్కించాక కోలుకుంది. ఆ అప్పు తీర్చడానికి ఏడాది పట్టింది.

అప్పుడు చదివాను చట్టం. మీకూ చెప్తాను, ఎందుకంటే రేపు మీ పిన్నో అక్కో మీకు ఫోన్ చేస్తుంది.

వైద్యపరమైన గర్భస్రావ చట్టం 1971లో వచ్చింది. 1972 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 2021లో దాన్ని సవరించారు. ఇరవై వారాల వరకు ఒక్క రిజిస్టర్డ్ డాక్టరు అభిప్రాయం చాలు. అత్యాచార బాధితులు, మైనర్లు, వికలాంగులు, గర్భంతో ఉండగా భర్త చనిపోయిన లేదా విడాకులైన స్త్రీలు, ఇలా కొన్ని వర్గాలకి ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో ఇరవై నాలుగు వారాల వరకు వీలుంది. పిండంలో తీవ్రమైన లోపాలుంటే ఆ పైన కూడా మెడికల్ బోర్డు అనుమతించవచ్చు. గర్భనిరోధక సాధనం విఫలమైతే అదీ ఒక కారణమే. ఇంతకు ముందు ఆ కారణం "వివాహిత స్త్రీ, ఆమె భర్త"కే వర్తించేది. సవరణలో దాన్ని "స్త్రీ, ఆమె భాగస్వామి" అని మార్చారు. ఆమె పేరు బయటపెట్టిన వాళ్ళకి ఏడాది దాకా జైలు పడొచ్చు.

సంతకం సంగతి. ఈ చట్టం కింద సమ్మతి పత్రం ఉంది, దాని పేరు ఫారం-సి. అరపేజీ కూడా ఉండదు. ఫలానా వారి కూతురు లేదా భార్య అని రాసే చోటు అందులో ఉంది. కానీ పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీ అయితే సంతకం చేయాల్సింది ఆమె ఒక్కతే. మైనర్ అయినా, మానసిక అనారోగ్యం ఉన్నా సంరక్షకుల సంతకం కావాలి. అంతే తప్ప మొగుడికి, అత్తకి, మామకి అందులో చోటు లేదు. ఆపరేషన్ చేయించుకుంటానన్న హామీకీ చోటు లేదు.

2022 సెప్టెంబరు 29న జస్టిస్ చంద్రచూడ్ నాయకత్వంలోని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇంకా స్పష్టంగా చెప్పింది. పెళ్ళి కాని స్త్రీకి కూడా ఇరవై నాలుగు వారాల వెసులుబాటు వర్తిస్తుంది. ఈ చట్టం మేరకు అత్యాచారం అంటే భర్త చేసిన బలాత్కారం కూడా అవుతుంది. చట్టంలో లేని షరతులు, కుటుంబం అంగీకారం లాంటివి, డాక్టర్లు పెట్టకూడదు. అంతకు ముందే 2009లో సుచితా శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు, బిడ్డని కనడమా వద్దా అన్న నిర్ణయం ఆర్టికల్ 21 ఇచ్చే వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని చెప్పింది.

మరి లోపమెక్కడుంది? చట్టంలోనే కొంత ఉంది. మన చట్టం స్త్రీకి హక్కు అనలేదు. డాక్టరు సదుద్దేశంతో అబార్షన్ చేస్తే అది నేరం కాదు అంది. అబార్షన్ ఇప్పటికీ మూలంలో నేరమే. శిక్షాస్మృతి పేరు మార్చి 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత తెచ్చినప్పుడు కూడా దాన్ని అలాగే ఉంచి 88వ సెక్షన్‌లో పెట్టారు. తన కడుపు తానే తీసుకున్న స్త్రీ కూడా ఆ సెక్షన్ కిందికి వస్తుంది. అంటే మా పిన్ని మాత్రలు మింగిన రోజున, ఆస్పత్రి గుమ్మం నుంచి ఆమెని వెనక్కి పంపిన వాళ్ళు నేరస్తులు కారు, ఆమె నేరస్తురాలు. నిర్ణయం ఆమెదే అని కోర్టు అంటుంది, చట్టం మాత్రం డాక్టరు అభిప్రాయం కోసం ఎదురుచూడమంటుంది. ఆ డాక్టరు ఏ కులం వాడు, బస్తీ నుంచి వచ్చిన మనిషిని ఎలా చూస్తాడు అన్నది మనందరికీ అనుభవమే.

మిగతా లోపం అమలులో ఉంది. 2015లో దేశంలో కోటీ 56 లక్షల అబార్షన్లు జరిగాయని 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. వాటిలో 73 శాతం ఆస్పత్రి బయట మాత్రలతో జరిగినవే. మాత్రలు చెడ్డవని నేననడం లేదు. అవి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉన్నవే. సరైన వారాల్లో, సరైన సమాచారంతో, అవసరమైతే వెళ్ళడానికి ఒక ఆస్పత్రి దగ్గర్లో ఉన్నప్పుడు అవి సురక్షితం. మా పిన్ని ప్రాణం మీదికి తెచ్చింది మాత్ర కాదు. ఆస్పత్రి వాళ్ళు అడిగిన సంతకం, నేను ఇచ్చిన సలహా, కాంట్రాక్టరు ఇవ్వని సెలవు.

మనకి కాగితాలు అడిగించుకోవడం అలవాటైపోయింది. ఇక్కడ ఎస్సీ సర్టిఫికెట్ కావాలంటే 1950 నాటికి ఇక్కడే ఉన్నట్టు చూపించమంటారు. ప్లాంటు ఒప్పందమే 1955లో అయితే, దాన్ని కట్టడానికి వచ్చిన వాళ్ళు 1950 కాగితం ఎక్కడి నుంచి తెస్తారు? అలా అడిగించుకుని, అడిగించుకుని, అడగకూడని కాగితం అడిగినా మనం తల దించుకుని వెనక్కి వచ్చేస్తున్నాం.

ఇక నాణేనికి రెండో వైపు. ఇక్కడి నుంచి మూడు గంటల రైలు ప్రయాణం దూరంలో బిలాస్‌పూర్ ఉంది. 2014 నవంబరు 8న ఆ జిల్లాలో, వాడకంలో లేని ఒక ప్రైవేటు ఆస్పత్రి భవనంలో, ఒకే సర్జన్ కొన్ని గంటల్లో 83 మంది ఆడవాళ్ళకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశాడు. రోజుకి ముప్పై మించకూడదని మార్గదర్శకాలు ఉన్నాయి. పదమూడు మంది చనిపోయారు. ఎక్కువ మంది దళిత, ఆదివాసీ, బీసీ కుటుంబాల వాళ్ళు. ఇంట్లో పాలు తాగే పిల్లలున్న తల్లులు. ఆ సర్జన్‌కి అదే ఏడాది జనవరిలో, వేలకి వేలు ఆపరేషన్లు చేసినందుకు ప్రభుత్వం సన్మానం చేసింది. మగవాళ్ళ ఆపరేషన్ ఇంతకంటే చిన్నది, తేలిక. అయినా శిబిరాల్లో వరుసగా పడుకోబెట్టేది ఆడవాళ్ళనే. 2016లో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు మూడేళ్ళలో ఈ శిబిరాల పద్ధతిని ఆపమంది. ఆపారా? 2022 ఆగస్టు 25న, తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి ఆపరేషన్లు చేశారు. నలుగురు తల్లులు చనిపోయారు.

ఇదే ఛత్తీస్‌గఢ్‌లో బైగా ఆదివాసీలది తలకిందుల కథ. 1979లో అవిభక్త మధ్యప్రదేశ్ ప్రభుత్వం వాళ్ళ జనాభా తగ్గిపోతోందని చెప్పి, వాళ్ళకి ఆపరేషన్ చేయకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఇక పిల్లలు వద్దనుకున్న బైగా స్త్రీలని కూడా ఆస్పత్రుల నుంచి తిప్పి పంపేవాళ్ళు. చివరికి బైగాలే హైకోర్టుకి వెళ్ళాల్సి వచ్చింది. 2018లో ఆ ఉత్తర్వు పోయింది. ఒక స్త్రీకి వద్దన్నా ఆపరేషన్, ఇంకో స్త్రీకి కావాలన్నా లేదు. చూడ్డానికి రెండూ ఎదురెదురుగా కనిపిస్తాయి. కానీ రెండు చోట్లా ఆమెని అడిగిన వాళ్ళు లేరు.

2012లో ఇదే రాష్ట్రంలో పేదల స్మార్ట్ కార్డు బీమా డబ్బు కోసం ప్రైవేటు ఆస్పత్రులు ఆడవాళ్ళ గర్భసంచులు తీసేసిన కుంభకోణం మీకు గుర్తుండే ఉంటుంది. తెలుగు రాష్ట్రాల వాళ్ళు దీన్ని మనకి సంబంధం లేని సంగతి అనుకోకూడదు. ఆరోగ్యశ్రీ మొదటి సంవత్సరాల్లో అక్కడా ఇదే జరిగింది.

ఇప్పుడు మన వాళ్ళే నన్ను అడిగే ప్రశ్నకి వస్తాను. కిందటి నెల ఒక పెద్దాయన అడిగారు. "అమ్మా, అబార్షన్ హక్కు అనేది అగ్రకుల ఫెమినిస్టుల గొడవ కదా? మన జనాన్ని బలవంతంగా ఆపరేషన్లు చేసి తగ్గించారు. ఎమర్జెన్సీ మర్చిపోయావా? మనం అబార్షన్ కావాలని అడగడం ఏమిటి?" అని. ఆయన కోపం నాకు అర్థమైంది. 1976-77లో ఒక్క ఏడాదిలో 80 లక్షలకి పైగా ఆపరేషన్లు చేసిన దేశం ఇది. పట్టుకెళ్ళింది ఎవరిని? పేదల్ని, దళితుల్ని, ముస్లింలని. ఆ భయం ఊరికే రాలేదు.

కానీ బాబాసాహెబ్ ఏం చేశారో చూద్దాం. 1934లో సంతాన నిరోధం గురించి, లైంగిక ఆరోగ్యం గురించి పత్రిక నడిపిన ఆర్.డి. కర్వే మీద అశ్లీలత కేసు పెడితే, కోర్టులో ఆయన తరఫున వాదించింది అంబేద్కరే. 1938 నవంబరు 10న బొంబాయి శాసనసభలో సంతాన నిరోధ సౌకర్యాలు ప్రజలకి అందాలన్న ప్రతిపాదన ఆయన పక్షం నుంచి వచ్చింది. ఆ రోజు ఆయన సభలో లేకపోతే పి.జె. రోహమ్ దాన్ని ప్రవేశపెట్టారు. పేదరికం, జనాభా గురించి ఆ కాలంలో అందరూ చేసే వాదనలు అందులో ఉన్నాయి. వాటిలో కొన్నిటితో నేనివాళ ఏకీభవించను. కానీ అందులో ఇంకో వాదన ఉంది. కనే నొప్పి ఆమెది, ప్రాణాపాయం ఆమెది, కాబట్టి ఆమె వద్దనుకున్నప్పుడు వద్దనగలగాలి అన్నది. సభ ఆ ప్రతిపాదనని ఓడించింది. అంతకు పదేళ్ళ ముందు, 1928లో, ప్రసూతి ప్రయోజన బిల్లు మీద మాట్లాడుతూ ఆయన పని చేసే స్త్రీ విశ్రాంతి ఖర్చు ఆమె ఒక్కతే మోయకూడదన్నారు. ఈ రెండిటినీ కలిపి చదవాలి. కనాలనుకున్నప్పుడు కూలి పోకుండా కనగలగాలి. వద్దనుకున్నప్పుడు ప్రాణం పోకుండా వద్దనగలగాలి. 1994లో అమెరికాలో నల్లజాతి స్త్రీలు పునరుత్పత్తి న్యాయం అని పేరు పెట్టి, పిల్లల్ని కనే హక్కు, కనకుండా ఉండే హక్కు, కన్న పిల్లల్ని భద్రంగా పెంచుకునే హక్కు మూడూ ఒకటే అన్నారు. మనకి ఆ ఆలోచన కొత్త కాదు.

కాబట్టి ఆ పెద్దాయనకి నా జవాబు ఇది. ఎమర్జెన్సీకి మందు అబార్షన్ హక్కు లేకపోవడం కాదు. ఎమర్జెన్సీలో పోయింది ఏది? మనిషి అంగీకారం. అబార్షన్ దగ్గర ఇవాళ పోతున్నది కూడా అదే. ప్రభుత్వాల అవసరాలు మారుతూ ఉంటాయి. 1997లో జనాభా విధానం తెచ్చి ఆపరేషన్ల లక్ష్యాల వెంట పరుగెత్తిన ఆంధ్రప్రదేశ్‌లో, 2024 అక్టోబరులో అదే ముఖ్యమంత్రి ఎక్కువ మందిని కనమని పిలుపు ఇచ్చారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం అక్కడ పెళ్ళైన స్త్రీలలో దాదాపు 70 శాతం మందికి ఆపరేషన్ అయిపోయి ఉంది. నిన్న ఆపమన్నారు, ఇవాళ కనమంటున్నారు. రేపు జనాభా పెంచాలన్న తొందరలో అబార్షన్ దారులు ఇంకా ఇరుకు చేస్తే, మొదట దెబ్బ తినేది ఎవరు? డబ్బున్న వాళ్ళు కారెక్కి రాయపూర్‌కో హైదరాబాద్‌కో వెళ్తారు. మా పిన్ని లాంటి వాళ్ళు మందుల షాపుకి వెళ్తారు.

ఈ ఊళ్ళో మనుషులు రెండు రకాలు. నౌకరీ ఉన్న వాళ్ళు, కామ్ ఉన్న వాళ్ళు. ఆంత్రపాలజిస్టు జొనాథన్ ప్యారీ భిలాయి మీద రాసిన పెద్ద పుస్తకమంతా ఈ తేడా మీదే నడుస్తుంది. నౌకరీ ఉన్న ఇంటికి మెడికల్ బుక్ ఉంది, సెక్టార్-9 ఆస్పత్రి ఉంది. కామ్ ఉన్న ఇంటికి గేటు పాస్ ఉంది, అది కూడా కాంట్రాక్టరు చేతిలో. అబార్షన్ అయిన స్త్రీకి ఆరు వారాలు జీతంతో సెలవు ఇవ్వాలని 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టంలోనే ఉండేది. కొత్త సామాజిక భద్రతా కోడ్‌లో కూడా ఉంది. భిలాయిలో ఎంత మంది కాంట్రాక్టు కార్మికురాళ్ళకి ఆ సెలవు దొరికింది? ఎంత మంది కార్మిక నాయకులకి ఆ సెక్షన్ ఉందని తెలుసు? మూడో రోజున పనికి వెళ్ళకుండా ఉండగలిగితే మా పిన్ని పడిపోయేది కాదు.

ఇది కార్మిక సమస్య కాదనే వాళ్ళకి దల్లీ రాజహరా గుర్తు చేస్తాను. మన ప్లాంటుకి ఇనుప ఖనిజం వచ్చే గనుల ఊరు. అక్కడి గని కార్మిక సంఘం ఉపాధ్యక్షురాలు కుసుమ్ బాయి, ప్రసవ సమయంలో సరైన వైద్యం దొరక్క చనిపోయింది. ఆ చావు నుంచే మనకంటూ ఒక ఆస్పత్రి ఉండాలన్న ఆలోచన బలపడింది. శంకర్ గుహా నియోగీ నాయకత్వంలో కార్మికులు చందాలు వేసుకుని, తమ చేతులతో కట్టుకున్న శహీద్ ఆస్పత్రి 1983 జూన్ 3న మొదలైంది. ఒక తల్లి చావుని సంఘం తన సమస్యగా తీసుకుంటే ఏమవుతుందో చూపించిన నేల ఇది.

అందుకే నాలుగు పనులు మన ముందు పెడుతున్నాను. ఒకటి, ప్రతి ఆస్పత్రి గోడ మీద హిందీలో, ఛత్తీస్‌గఢీలో, తెలుగులో "మేజర్ అయిన స్త్రీ సంతకం ఒక్కటే చాలు" అని రాయించాలి. రెండు, ఆపరేషన్‌కి ఒప్పుకుంటేనే అబార్షన్ అన్న షరతు పెడితే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, చేసే మనిషి పక్కన మనం నిలబడాలి. మూడు, ఆరు వారాల సెలవుని కాంట్రాక్టు కార్మికుల డిమాండ్లలో చేర్చమని సంఘాలని అడగాలి. నాలుగు, బస్తీల్లో తిరిగే మితానిన్ అక్కలతో కలిసి కూర్చోవాలి. మితానిన్ అంటే స్నేహితురాలని కదా అర్థం. మాత్రల గురించి భయం లేకుండా అడగగలిగే స్నేహితురాలు ప్రతి వీధిలో ఒకరు ఉండాలి. చదువుకున్న వాళ్ళం ఆ మాత్రం చేయకపోతే మన చదువు సెమినార్ పేపర్ల దగ్గరే ఆగిపోతుంది. నాది ఒకసారి అక్కడే ఆగిపోయింది.

కిందటి దీపావళికి ఇంటికి వచ్చినప్పుడు పిన్నికి ఫారం-సి చూపించాను. తెలుగులో చదివి వినిపించాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆమె కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంతేనా? వెనకాల ఏటీ లేదా?" అంది. ఏమీ లేదన్నాను. "మరప్పుడు ఆలు మీ చిన్నాన్నని ఎందుకడిగారే?" అంది. నా దగ్గర చాలా జవాబులు ఉన్నాయి, పరిశోధన చేస్తున్నది వాటి మీదే. ఆమె ముందు ఒక్కటీ పనికిరాలేదు. కాసేపయ్యాక ఆమే అంది, "పక్కింటి పిల్లకి కూడా ఓపాలి సదివి ఇనిపించెయ్యి" అని.

మీరందరూ ఈ రోజు ఇంటికి వెళ్ళాక ఎవరో ఒకరికి చదివి వినిపించండి. నా మాటలకి అంతకు మించిన ఉపయోగం లేదు.

జై భీమ్. జై సావిత్రి.